టూ-ఫైవ్ దగ్గర టవల్ సర్దుకోవద్దు

నెలకోసారి మా ఇంటి బాల్కనీలో ఒక పాత బియ్యం సంచి నిండుతుంది. అందులో ఉండేవి వాడేసిన టెన్నిస్ బంతులు. ఆఫీసు అయ్యాక నేను ఆడే కోర్టులో, చుట్టుపక్కల నాలుగైదు అపార్ట్‌మెంట్లలో అడిగి తెచ్చుకుంటాను. బూరు ఊడిపోయి, గాలి తగ్గి, ఇక ఎగరడం లేదని పెద్దవాళ్ళు పక్కన పడేసినవి. సంచి మూతి కుట్టి ఆర్టీసీ కార్గోలో వేస్తే అనంతపురం చేరుతుంది, అక్కడ మావాడు, నా చిన్నప్పటి స్నేహితుడు, స్కూటర్ మీద బస్టాండుకొచ్చి తీసుకుంటాడు. పోయిన నెల కౌంటర్లో కుర్రాడు సంచిని చేత్తో ఒత్తి చూసి "ఏముంది సార్ లోపల, నిమ్మకాయలా?" అని అడిగాడు. టెన్నిస్ బంతులన్నాను. "ఇన్నా! ఎవరికి సార్?" అన్నాడు. వెనకాల క్యూ ఉంది, ఏదో చెప్పి వచ్చేశాను గానీ రాత్రంతా ఆ మాటే బుర్రలో తిరిగింది. ఎవరికో చెప్పాలంటే ముప్పై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. అందుకే ఇది రాస్తున్నా, కాస్త పెద్దదే అవుతుంది.

1993లో నాకు పదకొండేళ్ళు. నాన్న అనంతపురంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఆ ఆఫీసు వెనక అధికారుల క్లబ్బు, క్లబ్బు వెనక వేపచెట్ల మధ్య ఒకే ఒక్క టెన్నిస్ కోర్టు. సాయంత్రం ఐదయ్యేసరికి డాక్టర్లు, ఇంజనీర్లు, ఒకరిద్దరు లాయర్లు తెల్ల నిక్కర్లు వేసుకుని వచ్చేవాళ్ళు. వాళ్ళకి బంతులు ఏరిపెట్టడానికి పిల్లలు కావాలి. అలా మేం నలుగురం కుదిరాం. రోజుకి రెండు రూపాయలు, ఆట అయ్యాక ఒక గ్లాసు నిమ్మరసం. ఆ రెండు రూపాయల కోసం వెళ్ళామంటే అబద్ధం కాదు, కానీ వారం తిరిగేసరికి డబ్బులివ్వకపోయినా వెళ్ళేవాళ్ళం.

ఆ కోర్టు గురించి కాస్త చెప్పాలి. ఎర్రమట్టి కోర్టయితే రోజూ తడపాలి. మా ఊళ్ళో తాగే నీళ్ళకే బిందెలు వరసలో పెట్టుకుని కూర్చునేవాళ్ళు, కోర్టుకెవరు పోస్తారు? అందుకని మట్టి నేలని రోలర్‌తో గట్టిపరిచి, పైన పేడతో అలికేవాళ్ళు. అలికితే దుమ్ము లేవదు, పగుళ్ళు తొందరగా రావు, నీళ్ళు కూడా పదోవంతు చాలు. పని తేలిగ్గా కనిపిస్తుంది గానీ కాదు. పేడ మరీ పల్చగా కలిపితే రెండ్రోజులకే మట్టి తేలుతుంది, చిక్కగా కలిపితే ఎండలో పెచ్చులు లేచి బంతి అడ్డదిడ్డంగా పోతుంది. ఆ పాకం తెలిసిన మనిషి మా అవ్వ. సొంత అవ్వ కాదు, క్లబ్బులో కోర్టు చూసుకునే మార్కర్ భార్య, మాకందరికీ అవ్వే. ఇంటి ముందు కళ్ళాపి చల్లినంత సులువుగా ఆవిడ పెద్ద గంగాళంలో కలిపేది, మేం చీపుళ్ళతో ఒక చివర నుంచి వెనక్కి నడుచుకుంటూ పరిచేవాళ్ళం. ఆరాక చూస్తే ఆకుపచ్చా నలుపూ కలిసిన రంగులో నున్నగా ఉండేది. దాని మీద దారం పట్టుకుని సున్నంతో గీతలు వేస్తే పెళ్ళింటి ముందు ముగ్గేసినట్టుండేది. కొత్త బంతులు రెండు గేములకే పచ్చబడిపోయేవి. ఇంటికెళితే అమ్మ చేతులు వాసన చూసి ముందు బావి దగ్గరికి తోలేది.

పేడ కోర్టంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. కానీ సానియా మీర్జా కూడా హైదరాబాద్‌లో మొదలుపెట్టినప్పుడు పేడతో అలికిన కోర్టుల మీదే ఆడానని తనే చెప్పింది. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. మా అవ్వ అలికిన నేలా, ప్రపంచంలో నంబర్ వన్ అయిన అమ్మాయి అడుగులు నేర్చిన నేలా ఒకటే అన్నమాట.

మార్కర్ తాత గురించి చెప్పకపోతే ఇందులో ఏమీ చెప్పనట్టే. క్లబ్బుల్లో కోర్టు చూసుకోవడానికి, జోడీ తక్కువైతే సభ్యులతో ఆడటానికి, రాకెట్లకి గట్టింగ్, అంటే తీగలు, వేయడానికి ఒక మనిషి ఉంటాడు, ఆయన్ని మార్కర్ అంటారు. మా తాత అప్పటికి యాభై దాటిన మనిషి, సన్నగా, నల్లగా, మోకాళ్ళ దాకా ఖాకీ నిక్కరు. చిన్నప్పుడు మద్రాసులో ఒక క్లబ్బులో మాలాగే బంతులు ఏరేవాడట. అధికారులు వెళ్ళిపోయాక, చీకటి పడేలోపు దొరికే ఇరవై నిమిషాలు మావి. తెగిన గట్లు ముడేసిన చెక్క రాకెట్ ఒకటి, సగం పట్టు ఊడిన అల్యూమినియం రాకెట్ ఒకటి. ఇవ్వడానికి ఆయన దగ్గర అంతకంటే ఏమీ లేదు. నేర్పడంలో మాత్రం ఏదీ దాచుకోలేదు. భుజం తిప్పడం, బంతి పైకెళ్ళకముందే కాలు సర్దుకోవడం, సర్వ్‌కి బంతిని ఎగరేసేటప్పుడు దేవుడికి హారతి ఎత్తినట్టు చెయ్యి నెమ్మదిగా పైకి తీసుకెళ్ళడం. ఆ హారతి మాట నేను ఇవాళ్టికీ నా కూతురికి చెప్తాను.

ఆయనకి చదువు లేదు గానీ మన దేశం ఆడిన డేవిస్ కప్, అంటే దేశాల మధ్య జరిగే టెన్నిస్ పోటీ, అంతా నోటికొచ్చు. రామనాథన్ కృష్ణన్ 1954లో వింబుల్డన్ జూనియర్ టైటిల్ కొట్టడం, 1960లో, 61లో వింబుల్డన్ సెమీఫైనల్ దాకా వెళ్ళడం, రెండుసార్లూ ఎవరి చేతిలో ఓడాడో వాళ్ళే కప్పు ఎత్తడం. నీల్ ఫ్రేజర్, రాడ్ లేవర్ అనే పేర్లు మా చెవికి మొదట తగిలింది ఆయన నోట్లోంచే. అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పింది మాత్రం 1966లో కలకత్తాలో బ్రెజిల్‌తో జరిగిన పోటీ. ఐదు మ్యాచ్‌లలో రెండూ రెండూ సమానం, ఇది ఆఖరి మ్యాచ్. కృష్ణన్ ఎదురుగా థామస్ కోక్. కోక్ రెండు సెట్లు గెలిచి, నాలుగో సెట్లో ఐదు గేములు తీసుకుని కూర్చున్నాడు, కృష్ణన్‌కి రెండే. "జనం లేచి ఇండ్లకు పోబట్నారంట అప్పా," అనేవాడు తాత, తనే ఆ గ్యాలరీలో ఉన్నట్టు చేతులు తిప్పుతూ. అక్కణ్ణుంచి కృష్ణన్ వరసగా ఐదు గేములు గెలిచి సెట్ లాక్కున్నాడు, తర్వాత ఐదో సెట్ కూడా. ఇండియా మొదటిసారి డేవిస్ కప్ ఫైనల్‌కి వెళ్ళింది. మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా చేతిలో 4-1తో ఓడిపోయాం, ఆ ఒక్కటీ కూడా న్యూకూంబ్, రోచ్ జోడీని కృష్ణన్, జైదీప్ ముఖర్జీ డబుల్స్‌లో కొట్టి తెచ్చింది. తాత ఇదంతా రేడియోలో విన్నాడట.

ఆ కథ చెప్పిన ప్రతిసారీ చివర్లో ఒకటే మాట. "టూ-ఫైవ్ అంటే ఇంగా ఆట ఉండాదప్పా. టూ-ఫైవ్ కాడ టవలు సర్దుకునేటోడు నా కోర్టులోకి రావద్దు."

1974 సంగతి కూడా ఆయనే చెప్పాడు. మళ్ళీ ఫైనల్‌కి వచ్చాం, ఎదురుగా దక్షిణాఫ్రికా. నల్లవాళ్ళని మనుషులుగా చూడని దేశంతో ఆడం అని మన ప్రభుత్వం చెప్పేసింది, కప్పు ఆడకుండానే వాళ్ళకి పోయింది. అప్పట్లో అమృత్‌రాజ్ అన్నదమ్ములు మంచి ఊపు మీద ఉన్నారు, విజయ్ అంతకు ముందు ఏడాదే వింబుల్డన్‌లోనూ యూఎస్ ఓపెన్‌లోనూ క్వార్టర్ ఫైనల్ ఆడాడు. ఆడుంటే గెలిచేవాళ్ళమే అని తాత నమ్మకం. అయినా ఆయన గొంతులో నాకెప్పుడూ బాధ వినపడలేదు, గర్వమే వినపడింది. 1987లో సిడ్నీలో ఆస్ట్రేలియాని ఓడించి మూడోసారి ఫైనల్‌కి వెళ్ళి స్వీడన్ చేతిలో 5-0తో ఓడటం గురించి మాత్రం ఒక్క ముక్కలో ముగించేవాడు.

ఇక మావాడు. మా నలుగురిలో అసలైన ఆటగాడు వాడే. ఎడమ చేతి వాటం. వాళ్ళ నాన్న హోటళ్ళకి నీళ్ళు మోసే పని చేసేవాడు. మేం బంతిని కొట్టేవాళ్ళం, వాడు పంపించేవాడు, ఎక్కడికి కావాలంటే అక్కడికి. పద్నాలుగేళ్ళకే క్లబ్బులో డాక్టరు గారి మీద సెట్టు గెలిచేవాడు. ఆయన మంచి మనిషి, కోప్పడకుండా తన పాత గ్రాఫైట్ రాకెట్ వాడి చేతిలో పెట్టాడు. దానికి కొత్త గట్టింగ్ వేసిన రోజు వాడు రాత్రి పక్కలో పెట్టుకుని పడుకున్నాడు.

1996 ఆగస్టు మొదటి వారంలో ఒక పొద్దున తాత పేపరు చేతిలో పట్టుకుని మా వీధికే వచ్చేశాడు. అట్లాంటా ఒలింపిక్స్‌లో లియాండర్ పేస్‌కి కాంస్యం. వైల్డ్ కార్డ్ మీద, అంటే ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులిచ్చిన చోటుతో వెళ్ళిన కుర్రాడు, ర్యాంకు నూరు దాటి ఎక్కడో ఉంది, సెమీస్‌లో అగస్సీ చేతిలో ఓడి, మణికట్టు నొప్పితోనే బ్రెజిల్ ఆటగాడు మెలిజెనీ మీద మొదటి సెట్టు పోగొట్టుకుని 3-6, 6-2, 6-4తో గెలిచాడు. 1952లో కుస్తీలో కె.డి. జాదవ్ తెచ్చిన కాంస్యం తర్వాత ఒక్క మనిషి పేరు మీద మన దేశానికి ఒలింపిక్ పతకం రావడం అదే, నలభై నాలుగేళ్ళకి. "మళ్ళీ బ్రెజిల్‌వాడే!" అంటాడు తాత, కోక్‌ని తలుచుకుని. ఆ రోజు అవ్వ చక్కెర పొంగలి చేసి కోర్టు పక్కన వేపచెట్టు కింద అందరికీ పెట్టింది, అధికారులకీ మాకూ ఒకే గిన్నెలోంచి.

పేస్ గురించి చదివిన కొద్దీ నాకు ఒకటి అర్థమైంది. వాళ్ళ నాన్న వేస్ పేస్ 1972 మ్యూనిక్‌లో కాంస్యం గెలిచిన హాకీ జట్టులో ఉన్నాడు. పేస్ చిన్నప్పుడే మద్రాసులో అమృత్‌రాజ్‌ల బ్రిటానియా అకాడమీలో చేరాడు. కృష్ణన్‌కి నేర్పింది వాళ్ళ నాన్నే, ఆయన కొడుకు రమేశ్‌ కూడా ఆ ఇంట్లోనే తయారై 1979లో వింబుల్డన్, ఫ్రెంచ్ జూనియర్ టైటిల్స్ రెండూ కొట్టాడు. మహేశ్ భూపతి వెనక వాళ్ళ నాన్న, సానియా వెనక వాళ్ళ నాన్న. మన టెన్నిస్ చాలా వరకు ఇళ్ళల్లో పెరిగింది. ఒక నాన్నో అమ్మో పట్టుబట్టి, ఉద్యోగాలు పక్కన పెట్టి, పిల్లని రైళ్ళలో ఊరూరా తిప్పితే ఒక పేరు వచ్చింది. అలాంటి ఇల్లు లేని పిల్లాడి సంగతేంటి అనేది నేను మావాణ్ణి చూసి తెలుసుకున్నా.

1997లో మావాడు హైదరాబాద్‌లో ఒక రాష్ట్రస్థాయి జూనియర్ టోర్నమెంటుకి వెళ్ళాడు. డాక్టరు గారే ఎంట్రీ ఫీజు కట్టారు. తోడుగా నేను. రాత్రి బస్సు, పొద్దున్నే బస్టాండ్లో స్నానం, ఎనిమిదిన్నరకి మ్యాచ్. సిమెంటు కోర్టు. అప్పటిదాకా మేం అలాంటి నేల మీద కాలు కూడా పెట్టలేదు. మా పేడ కోర్టు మీద బంతి మోకాలి ఎత్తుకి లేచి ఆగి చూసుకోమన్నట్టు ఉంటుంది. ఇక్కడ నేలకి తగలడమే ఆలస్యం, భుజం దాకా లేచి మీదికొచ్చేసింది. వాడు ప్రతి బంతికీ అరక్షణం ఆలస్యం. వేసుకున్నది అరువు తెచ్చుకున్న కాన్వాస్ బూట్లు, మలుపు తీసుకోబోతే మడమ జారుతోంది. అవతలి పిల్లాడి బ్యాగులో నాలుగు రాకెట్లు, పక్కన నాన్న, వెనక కోచ్. 6-1, 6-0. నలభై నిమిషాలు పట్టిందేమో. ఆఖరి గేములో కూడా వాడు ప్రతి బంతి వెనకాలా పరిగెత్తాడు, ఒక్కదాన్ని కూడా వదల్లేదు, దానికి నేనే సాక్షి.

తిరుగు బస్సులో కర్నూలు దాటేదాకా మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "వాడు నాకంటే బాగా ఆడలేదు మామా. వాడికి ఆ నేల తెలుసు, నాకు తెలీదు. నెల రోజులు దాని మీద ఆడనిస్తే వాణ్ణి గెలుస్తా." నిజమే. కానీ ఆ నెల రోజులు ఎక్కడ ఉండాలి, ఏం తినాలి, కోర్టు ఎవరిస్తారు? జూనియర్ ర్యాంకు రావాలంటే పాయింట్లు కావాలి, పాయింట్లు కావాలంటే ఇవాళ చెన్నై, వచ్చే వారం బెంగళూరు, ఆ తర్వాత ఢిల్లీ. పిల్లాడితో పాటు పెద్దవాళ్ళొకరు వెళ్ళాలి. నీళ్ళు మోసే మనిషి ఒక్కరోజు పని మానితే ఆ రోజు పొయ్యి వెలగదు. మావాడు మళ్ళీ టోర్నమెంట్లకి వెళ్ళలేదు. పదో తరగతి అయ్యాక తాత దగ్గరే పనికి చేరాడు, గట్టింగ్ నేర్చుకున్నాడు.

1999లో నేను ఇంటర్. ఆ ఏడాది పేస్, భూపతి టెన్నిస్‌లో అన్నిటికంటే పెద్దవైన నాలుగు గ్రాండ్‌స్లామ్ టోర్నీల్లోనూ డబుల్స్ ఫైనల్ ఆడారు, పారిస్‌లో, వింబుల్డన్‌లో గెలిచారు. క్లబ్బులో కొత్తగా కేబుల్ పెట్టించారు, పేకాట బల్ల దగ్గరి వాళ్ళు కూడా ముక్కలు బోర్లించి టీవీ వైపు తిరిగారు. అంతకు ముందు 1997లోనే భూపతి జపాన్ అమ్మాయి రికా హిరాకితో కలిసి ఫ్రెంచ్ ఓపెన్ మిక్స్‌డ్ గెలిచాడు, ఒక భారతీయుడు గ్రాండ్‌స్లామ్ టైటిల్ గెలవడం అదే మొదలు. మరుసటి ఏడాది నిరుపమ వైద్యనాథన్ ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో మెయిన్ డ్రాలో ఒక రౌండు గెలిచింది. 1968లో ఓపెన్ యుగం మొదలయ్యాక మన ఆడపిల్లల్లో మొదటిసారి. పేపర్లో ఎక్కడో చిన్నగా వేశారు. అవ్వ మాత్రం ఆ ముక్క కత్తిరించి గోడకి అంటించింది, ఆవిడకి చదవడం రాదు, ఫొటో ఉందని.

తర్వాత నేను చదువుకి, ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చేశాను. 2003లో ఇక్కడ ఆఫ్రో-ఏషియన్ గేమ్స్ జరిగినప్పుడు సానియా నాలుగు స్వర్ణాలు తీసుకుంది, అదే ఏడాది వింబుల్డన్‌లో బాలికల డబుల్స్. ఊరంతా ఆ పేరు మొదలైంది అప్పుడే. 2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో వైల్డ్ కార్డ్ మీద వెళ్ళి మూడో రౌండులో సెరెనా విలియమ్స్ ఎదురుగా నిలబడింది. మొదటి సెట్టు 6-1, రెండోది 6-4. ఓడింది కానీ ఆ రెండో సెట్టు చూసినవాళ్ళకి తెలుసు.

ఆ వెంటనే ఫిబ్రవరి 12, శనివారం. ఫతే మైదాన్ టెన్నిస్ కాంప్లెక్స్‌లో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్. నాకు టికెట్ దొరకలేదు. బషీర్‌బాగ్ వైపు గోడ బయట నాలాంటి వాళ్ళు ఎంతమందో. లోపల ఏం జరుగుతోందో కనపడదు. కానీ ఏళ్ళ తరబడి బంతులు ఏరినవాణ్ణి, చప్పుడుని బట్టి తెలుస్తుంది నాకు. సర్వ్‌కి ముందు ఒక్కసారిగా అంతా నిశ్శబ్దం. తర్వాత ఒక్కసారే అరుపు వచ్చి ఆగితే సర్వీసులోనే పాయింట్. "ఆ... ఆ..." అంటూ సాగి పెరిగి పేలితే పెద్ద ర్యాలీ, మనదే. సాగి సాగి ఉసూరుమంటే ఎదుటి అమ్మాయి బొండారెంకోది. పక్కనున్న ఇరానీ హోటల్ కుర్రాడికి నేను స్కోరు చెప్తున్నా, వాడు లోపలికెళ్ళి వంటవాళ్ళకి చెప్తున్నాడు. 6-4, 5-7, ఇక మూడోది. మూడో సెట్టు మధ్యలో ఎవరూ మాట్లాడలేదు, ఆటోలవాళ్ళు కూడా ఇంజన్లు ఆపేసి కూర్చున్నారు. 6-3. ఆ ఆఖరి అరుపు ఎంతసేపటికీ ఆగలేదు. ఒక భారతీయ అమ్మాయి డబ్ల్యూటీఏ (మహిళల అంతర్జాతీయ టెన్నిస్ సంఘం) సింగిల్స్ టైటిల్ గెలవడం అదే మొదటిసారి, పద్దెనిమిదేళ్ళ పిల్ల, మన ఊళ్ళో, మన గోడకవతల. ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తి క్లబ్బుకి ఫోన్ చేశాను. తాత ఎత్తాడు. నేను చెప్పేలోపే ఏడుస్తున్నాడు.

ఆ వేసవి ఇంటికెళ్ళి పొద్దున ఆరింటికి కోర్టు దగ్గరికి పోతే నమ్మలేకపోయాను. పదమూడు మంది ఆడపిల్లలు, లెక్కపెట్టాను. ముక్కుపుడకలు, స్కూలు బూట్లు, ఒకమ్మాయి లంగా మీద పైన టీషర్టు. అధికారుల కూతుళ్ళే కాదు, కూరగాయల మండీలో పనిచేసే వాళ్ళమ్మాయి కూడా. క్లబ్బు కమిటీ పొద్దున రెండు గంటలు పిల్లలకి వదిలేసింది. అప్పటిదాకా ఆ కోర్టులోకి ఆడవాళ్ళు వచ్చిందంటే మా అవ్వ అలకడానికి వచ్చిందే. ఆ పిల్లలకి సర్వ్ నేర్పుతున్నది మావాడు. "హారతి పట్టినట్టు, నిదానం, నిదానం..." అదే మాట. సానియా 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్ళిందంటే అది ఎంత పెద్ద సంగతో నాకు అంకెల్లో కంటే ఆ పదమూడు మందిలో ఎక్కువ తెలిసింది.

2010 అక్టోబరులో ఇంకొకటి జరిగింది, ఇప్పటికీ కలలాగే ఉంటుంది. రఫేల్ నాదల్ అనంతపురం వచ్చాడు. ఫాదర్ ఫెర్రర్ మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీతో కలిసి నాదల్ ఫౌండేషన్ అక్కడి స్పోర్ట్స్ విలేజ్‌లో టెన్నిస్ స్కూలు పెట్టింది, దాన్ని ప్రారంభించడానికి స్వయంగా వచ్చాడు. మామూలు ఇళ్ళ పిల్లలకి ఆటతో పాటు ఇంగ్లీషు, కంప్యూటరు కూడా నేర్పే బడి. కొన్నాళ్ళకి నేనూ మావాడూ తాతని స్కూటర్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళి చూపించాం. తాత చెప్పులు బయట విడిచి లోపలికొచ్చాడు. వంగి, ఆ గట్టి నేలని అరచేత్తో తడిమి చూశాడు. "దీన్ని అలకాల్సిన పని లేదా?" అన్నాడు. లేదు తాతా అన్నాం. ఇంకా కాసేపు అలాగే తడుముతూ ఉన్నాడు. మావాడు అటు తిరిగి నిలబడ్డాడు. పదమూడేళ్ళ కిందట ఇలాంటి నేల మీద ఒక్క నెల ఆడి ఉంటే అని వాడి మనసులో ఉందో లేదో, నా మనసులో మాత్రం ఉంది.

2012 ఎండాకాలంలో తాత పోయాడు. ఆ ఏడే లండన్ ఒలింపిక్స్‌లో పేస్ పక్కన మన హైదరాబాద్ కుర్రాడు విష్ణువర్ధన్ ఆడాడు. రెండేళ్ళకి ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మన సాకేత్ మైనేని, సానియాతో కలిసి మిక్స్‌డ్‌లో స్వర్ణం గెలిచాడు. ఇవి ఆయన చూడాల్సినవి.

2015 జులై, వింబుల్డన్ మహిళల డబుల్స్ ఫైనల్. సానియా, మార్టినా హింగిస్ ఒక వైపు, మకరోవా, వెస్నినా అవతల. మొదటి సెట్టు పోయింది, రెండోది టైబ్రేక్‌లో వచ్చింది. మూడో సెట్టులో స్కోరు చూసి లేచి నిలబడ్డాను. 2-5. అర్ధరాత్రి దాటింది, ఇంట్లో అందరూ నిద్ర. ఫోన్ తీసి మావాడికి కొట్టాను, ఒక్క రింగుకే ఎత్తాడు. వాడూ చూస్తున్నాడు. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు, లైన్లో అలాగే ఉన్నాం, వాడి టీవీ చప్పుడు నాకూ నా టీవీ చప్పుడు వాడికీ. 3-5. 4-5. 5-5. అక్కడ చీకటి పడిందని ఆట ఆపి పైకప్పు మూశారు. అప్పుడు వాడు నెమ్మదిగా అన్నాడు, "టవలు సర్దుకోలేదు సూడు మామా." మళ్ళీ మొదలయ్యాక 7-5. నేను ఏడ్చాను, సిగ్గుపడను. అవతల వాడు అవ్వని లేపుతున్న చప్పుడు వినపడింది.

ఆ ఏప్రిల్‌లోనే సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. మొన్న 2024లో రోహన్ బోపన్న 43 ఏళ్ళ వయసులో ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచి నంబర్ వన్ అయ్యాడు. "ఇండియావాళ్ళు డబుల్సే ఆడతారు" అని తేలిగ్గా తీసేసేవాళ్ళంటే నాకు కోపం. సింగిల్స్‌లో సుమారు మొదటి వందలో ఉంటే గానీ గ్రాండ్‌స్లామ్‌లోకి నేరుగా వెళ్ళలేవు, ఆ వందలోకి రావడానికి ఏళ్ళ తరబడి దేశాలు తిరిగి చిన్న చిన్న టోర్నీలు ఆడాలి, కోచ్ ఖర్చు, ఫిజియో ఖర్చు, విమానం, హోటలు. అప్పటి మన నంబర్ వన్ సింగిల్స్ ఆటగాడు సుమిత్ నాగల్ 2023లో తన బ్యాంకులో 900 యూరోలే ఉన్నాయని బయటికి చెప్పాడు. ఆ తర్వాత నాలుగు నెలలకే మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో 31వ సీడ్ బుబ్లిక్‌ని ఓడించాడు. అలాంటి పిల్లలకి ఆ మధ్య మెట్లు దాటించే చెయ్యి కావాలి. కింద పిల్లలున్నారు, పైన పేర్లున్నాయి, మధ్యలోనే రోడ్డు తెగిపోతోంది. మావాడు తిరిగొచ్చిన బస్సు అక్కడిదే.

2023 మార్చి 5న సానియా వీడ్కోలు ఆట, మళ్ళీ అదే ఫతే మైదాన్, ఎల్బీ స్టేడియంలోనే. ఈసారి గోడ లోపల కూర్చున్నా, మావాడిని అనంతపురం నుంచి రప్పించాను. చుట్టూ ఎక్కడ చూసినా ఆడపిల్లలు, భుజాన రాకెట్ బ్యాగులు, అమ్మలూ నాన్నలూ. మావాడు ఆట కంటే వాళ్ళనే ఎక్కువ చూశాడు.

వాడు ఇప్పుడు ఊరి చివర ఒక బడి వెనకున్న ఖాళీ స్థలంలో ఇరవై మంది పిల్లలకి నేర్పుతున్నాడు. క్లబ్బు కోర్టు సింథటిక్ అయిపోయింది, ఇక్కడ మాత్రం మట్టి నేలే. అవ్వకి ఎనభై దగ్గర పడ్డాయి, కుర్చీ వేసుకుని కూర్చుని పేడ పాకం చెప్తుంది, పిల్లలు పరుస్తారు. నా సంచి అక్కడికే వెళ్తుంది. మరీ చచ్చిపోయిన బంతుల్ని చిన్నపిల్లలకిస్తాడు, నెమ్మదిగా లేస్తాయి కదా, వాళ్ళకి అదే మంచిదట. కొంచెం ప్రాణం ఉన్నవి పెద్దవాళ్ళకి.

నిన్న రాత్రి ఫోన్ చేశాడు. సంచి అందింది, నూటనలభై ఆరు లెక్క వచ్చాయన్నాడు. కొత్తగా తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి చేరిందట, ఎడమ చేతి వాటం, "నేను కొట్టినట్టే కొడ్తాది మామా" అన్నాడు. పిల్లకి బూట్లు లేవు, రెండో నంబరు. సిమెంటు మీద జారనివి చూడమన్నాడు. ఈ ఏడాది ఆ పిల్లని బెంగళూరు తీసుకెళ్ళి నెల రోజులు హార్డ్ కోర్టు మీద ఆడించి, తర్వాత టోర్నీకి ఎంట్రీ వేస్తాడట, ముందు కాదు. ఎవరింట్లో ఉండాలో కూడా మాట్లాడి పెట్టాడు. రేపు సాయంత్రం కోఠీ వెళ్ళి బూట్లు చూడాలి.